దొనగుట్ట పైన ఏముంది

ఆ పొద్దు ఆకాశం కమిలిన తోలు రంగులో ఉంది. మిరుగు కార్తె పెట్టి నాలుగు రోజులయింది. ఒక వాన కురిసి నేల తడిపి పోయింది. రెండోది గోదావరి అవతల ఎక్కడో ఉరుముతూ ఇటు రాకుండా ఆగింది. తూర్పున మబ్బు కింద సన్నటి ఎర్రటి చీలిక. అందులోంచి వచ్చిన వెలుగు దొనగుట్ట నెత్తి మీదనే పడుతోంది. కింద తునికిగుంపులోని ఇరవై రెండు ఇళ్లూ ఇంకా మసకలోనే ఉన్నాయి.

బొజ్జయ్య వాకిట్లో గొంతుక్కూర్చుని తవ్వుకోల మొనను రాతి మీద నూరుతున్నాడు. అది మనిషెత్తు కర్ర, చివర జానెడు ఇనుప మొన. గడ్డలు తవ్వే కాలం కాదు. వానలు మొదలైతే దాన్ని చూరులోకి ఎక్కిస్తారు. ఎక్కించే ముందు నూరి ఇప్పనూనె రాయడం తండ్రి నేర్పిన పని. చూరులో పక్కనే ఇంకో తవ్వుకోల ఉంది, అతని చిన్నాయనది. ఇరవై ఏళ్లుగా దాన్ని ఎవరూ దించలేదు.

నూనెగుడ్డ చేతిలో ఉండగానే గుట్ట నడుములో పొక్లెయిన్ మొత్తుకుంది. నెల రోజులుగా అది కంకర క్వారీ కోసం గుట్ట మీదికి దారి చెక్కుతోంది. ఆ పొద్దు దాని పంజా ఒక ఇప్పచెట్టు మొదలును పట్టింది. చెట్టు వెంటనే పడలేదు. వేర్లు ఒక్కొక్కటే తెగిన చప్పుడు వాకిలి దాకా వచ్చింది. తర్వాత వెదురు పొదను విరుచుకుంటూ ఒరిగింది. లేచిన పిట్టలు చాలాసేపు అక్కడక్కడే తిరిగాయి.

భార్య కన్నమ్మ పొయ్యి దగ్గర నుంచే అడిగింది, ఏ చెట్టని.

"అమ్మ పువ్వు ఏరిన చెట్టు," అన్నాడు బొజ్జయ్య. మళ్లీ నూరడం మొదలుపెట్టాడు.

జీపు వచ్చేసరికి పొద్దు పొడిచింది. ముందు సీట్లోంచి జయప్రకాశ్ దిగాడు. క్వారీ మేనేజరు. నలభై ఏళ్లుంటాయి, బూట్లకు మట్టి అంటకుండా చూసి చూసి అడుగేస్తాడు. వెనక నుంచి ఒక అమ్మాయి దిగింది. భుజానికి సంచి, చేతిలో మొక్కలు నొక్కిపెట్టే, పట్టీలు బిగించిన రెండు చెక్క చట్రాలు. పేరు ఉదయశ్రీ, సత్తుపల్లి వైపు పిల్ల, మొక్కల చదువు చదివింది. గుట్ట మీద ఏయే మొక్కలున్నాయో రాసి సంతకం పెట్టడం ఆమె పని. ఆ సంతకం లేనిదే మందు పేల్చడానికి పర్మిషన్ రాదు. మూడు రోజుల్లో కానివ్వాలని జయప్రకాశ్ ఆమెతో చెబుతూనే బొజ్జయ్య వైపు వేలు చూపించాడు. వీడికి గుట్టంతా తెలుసు, కూలి నేనిస్తాను, వెంట తీసుకుపొమ్మన్నాడు.

బయల్దేరే ముందు ఆమె ఫోనులో పాత రిపోర్టు ఒకటి చదివి వినిపించింది. ఇరవై మూడేళ్ల కిందట ఎవరో సారు రాసింది. "దొనగుట్ట పైభాగం: బండ, బోదగడ్డి. చెప్పుకోదగిన మొక్కలు లేవు. వెంట వచ్చిన స్థానికుడు కూడా ఏమీ లేవని చెప్పాడు."

"మార్చిలో వచ్చారు," అందామె. "అందరూ ఎండాకాలమే వస్తారు బాబాయ్, దారి బాగుంటుందని. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా రోడ్డు పక్క మొక్కలకు పదిసార్లు పేర్లు రాశారు. వానల్లో ఈ గుట్టల మీద ఏం మొలుస్తుందో ఏ పుస్తకంలోనూ లేదు. ఒకరు లేదని రాస్తే వెనకొచ్చిన వాళ్లంతా దాన్నే దించుకున్నారు."

ఆ సారు వెంట వెళ్లిన స్థానికుడు బొజ్జయ్య తండ్రి. అప్పుడు నీళ్ల బుర్ర మోసుకుంటూ తనూ వెనకే ఉన్నాడు. పైన నీళ్లు నిలిచే దొన దగ్గర సారు చెమట తుడుచుకుంటూ ఇక్కడేమైనా ఉందా అని అడిగాడు. తండ్రి ఏం లేదన్నాడు. సారు రాసుకున్నాడు.

గుట్ట ఎక్కుతూ దారి పొడుగునా బొజ్జయ్య పేర్లు చెప్పాడు. పాలకొడిసె, దాని చెక్క రక్తవిరేచనాలకు. కొండగోగు, దాని బంకకు గాటు ఎంత లోతు పెట్టాలో. నేలవేము. ఉదయశ్రీ కొమ్మను కత్తెరతో తుంచి, పాత పేపరు మధ్య పరిచి, ఆకులు మడతపడకుండా వేలితో సాపు చేసేది. ఒక ఆకును మాత్రం వెనక్కి తిప్పి పెట్టేది, వీపు కనిపించాలని. నంబరు చీటీ దారంతో కట్టేది. ఆ తిప్పి పెట్టడం చూసి బొజ్జయ్యకు ఆమె మీద గురి కుదిరింది. చెట్టును రెండువైపులా చూసే మనిషి.

మలుపులో పొక్లెయిన్ ఆగి ఉంది. దాని పంజాకు ఒక ఉడుమును తోకపట్టి కట్టారు. తల చితికింది, ముందు కాళ్లు ఇంకా కదులుతున్నాయి. ఆ పైన కంప్రెషర్ దగ్గర బొజ్జయ్య తమ్ముడు శివ, తండా నుంచి వచ్చే దేవ్లా డ్రిల్లు పట్టుకుని బండలో రంధ్రాలు దింపుతున్నారు. ఒళ్లంతా తెల్లటి దుమ్ము. శివ అన్నను చూసి గడ్డం ఎత్తాడు, అంతే. తొమ్మిది మంది పనిచేస్తున్నారు, ఆరుగురు తునికిగుంపు వాళ్లే.

ఇంకాస్త పైన దారి పక్కనే ఏనుగంత బండ ఉంది. మొదటి బండ అంటారు. అది దాటాక బొజ్జయ్య మాట్లాడటం మానేశాడు. ఆమె రెండుసార్లు ఏదో అడిగింది. తల ఊపాడు.

గుట్ట నెత్తిన రాతి దొన ఉంది. తొలివాన నీళ్లు మోకాలి లోతు నిలిచాయి. దాని చుట్టూ బండల సందుల్లో, ఎకరం మేర, మట్టిని చీల్చుకుని వంకాయ రంగు మొలకలు లేచాయి. కొన్ని వేలెడంత, కొన్ని మూరెడు. ఒక్కదానికీ ఆకు విచ్చుకోలేదు. ఉదయశ్రీ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. భూతద్దం పెట్టి కాడ మీది నూగు చూసింది.

"ఇదేంటి బాబాయ్?"

"ఏం లేదు," అన్నాడు. ఆ గొంతు తనకే తండ్రి గొంతులా వినిపించింది.

కిందికి దిగి మొదటి బండ దాటాక బొజ్జయ్య ఆగాడు. ఆమె నాలుగడుగులు ముందుకు పోయి వెనక్కి తిరిగింది.

"అది ఎలుగుగడ్డ," అన్నాడు.

తీగె ఎండినాక తవ్వుతామని చెప్పాడు. లోతు నిలువెత్తు ఉంటుందని, గడ్డ తీసుకుని తల మాత్రం కోసి మళ్లీ అదే గుంటలో పెట్టి మన్ను కప్పి వస్తామని, ఆ తల మళ్లీ తొలివానకు లేస్తుందని చెప్పాడు. తవ్వి తెచ్చిన గడ్డలే కోసి ఎండబెట్టుకుంటే ఇంట్లో గింజ అయిపోయిన రెండు నెలలూ గుంపు మొత్తానికి అదే తిండి. ఈ ఒక్క గుట్ట మీదనే ఉంటుంది. పక్క గుట్టల మీద వెతికాడు, లేదు.

ఉదయశ్రీ సంచి కింద పెట్టింది. "పైన అడిగితే ఎందుకు చెప్పలేదు?"

అప్పుడు బొజ్జయ్య కుడి చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అది సగమే ఉంది. గుడ్డెలుగులు ఆ గడ్డ కోసమే గుట్ట ఎక్కుతాయి. పేరు వింటే అవి వస్తాయని, బండ దాటినాక ఎవ్వరూ ఆ గడ్డ పేరు ఎత్తరు. నోరు జారి పేరు పడిందంటే, ఎవరి చేతిలో పని వాళ్లు వదిలి, వెనక్కి చూడకుండా అందరూ దిగిపోవాలి. దిగినోళ్లంతా ఒక్క కుండలోది కలిసి తినాలి, తినేటప్పుడు మాట్లాడకూడదు. పేరన్న మనిషి మళ్లీ ఆ గుట్ట మట్టిలో చెయ్యి పెట్టకూడదు. చిన్నాయన నోరు జారింది, ఆ తవ్వుకోల చూరులోనే ఉంది. చెవి పోయిన రోజున మాత్రం ఎవ్వరూ పేరు ఎత్తలేదు. ఎత్తకపోయినా ఎలుగు వచ్చింది. ఇంక ఎత్తితే ఏమవుతుందో అతనికి తెలుసుకోవాలని లేదు.

ఆమె విని, ఫారం తీసి చూపించింది. "మొలకకు ఆకు లేదు, పువ్వు లేదు. దీన్ని చూసి నేను ఏ పేరూ రాయలేను. ఆ స్థలం మీదే నిలబడి ఈ ఊరి మనిషి పేరూ వాడకమూ చెబితే, వీడియో తీసి, 'తెలియని మొక్క, పూసే కాలంలో మళ్లీ చూడాలి' అని రాస్తాను. అలా రాస్తే పువ్వు చూసేదాకా పేల్చడానికి లేదు. ఇక్కడ కింద చెప్పింది పనికిరాదు బాబాయ్."

"అక్కడ అనలేను బిడ్డా."

"అయితే పాత రిపోర్టే నిలబడుతుంది."

కంప్రెషర్‌కు నీళ్లు పట్టుకుపోతున్న శివ బిందె దించి, ఇద్దరి వంకా చూసి, మళ్లీ ఎత్తుకున్నాడు.

ఆ సాయంత్రం అన్నదమ్ములు వాకిట్లోనే తగువుపడ్డారు. శివ స్నానం కూడా చేయలేదు, కనుబొమల మీద దుమ్ము అట్లాగే ఉంది. ఆరు నెలల పని ఇది అన్నాడు. మిరప కోతలకు పోయి పోయి నడుములు పడిపోయినాయి అన్నాడు. గడ్డ తిని బతికే రోజులు ఇంకెన్నాళ్లని అడిగాడు.

"రేషన్ బియ్యం వస్తున్నయ్ గదా అన్నా. ఆ చేదు గడ్డ ఎవనికి గావాలె?"

"పోయినేడు నీ పెండ్లాం బాలింతగా ఉన్నప్పుడు ఏం తిన్నది?"

శివ అన్న భుజం మీద ఒక్క తోపు తోసి వెళ్లిపోయాడు. బొజ్జయ్య వెనక్కి పడి, నూరే రాయి మోచేతికి గుచ్చుకుని రక్తం కారింది. కన్నమ్మ పసుపు తెచ్చింది. మరిది కోసం మూత పెట్టిన అన్నం తీసి కుక్కకు పెట్టేసింది.

శివ ఎవరితో ఏమన్నాడో తెలియదు. తెల్లారేసరికి గుట్ట నెత్తిన నల్లటి పొగ లేచింది.

బొజ్జయ్య, ఉదయశ్రీ ఎక్కేటప్పటికి పని అయిపోయింది. పొక్లెయిన్ పళ్లు దొన చుట్టూ నేలను దున్నినట్టు చీల్చేశాయి. మనిషి కాలంత గడ్డలు పైకి లేచి, నడిమికి తెగి, తెల్లటి జిగురు కారుతున్నాయి. మొలకలు కుప్పేసి డీజిలు పోసి కాల్చారు. దొనలో నీళ్ల మీద నూనె రంగులు తిరుగుతున్నాయి, దాని అంచున రెండు కప్పలు వెల్లకిలా పడి ఉన్నాయి. మట్టి ఇంకా వేడిగా ఉంది, చెప్పుల్లోంచి తెలుస్తోంది.

జయప్రకాశ్ బండ మీద నిలబడి టీ తాగుతున్నాడు. దారి సాపు చేయించాను మేడమ్, గడ్డీ గాదం ఉంటే కాల్చేశాం అన్నాడు. ఉదయశ్రీ అతని ముందుకు వెళ్లి, సర్వే కాకముందు ఇలా చేయకూడదని, ఇది రాస్తానని అంది.

"ఏం రాస్తరు? ఏముండె ఇక్కడ? ఏరా బొజ్జిగా, నువ్వే చెప్పు. ఏముండెరా?"

పనివాళ్లంతా చూస్తున్నారు. బొజ్జయ్య పెదవులు కదిలాయి. గుంపు వాళ్లు ఆరుగురూ అతని నోటి వంకే చూస్తున్నారు. అతను తల వంచుకున్నాడు.

"చూసిన్రా మేడమ్," అన్నాడు జయప్రకాశ్.

అప్పుడు బొజ్జయ్య పొక్లెయిన్ దగ్గరికి నడిచాడు. నడకలో తొందర లేదు. వెంట తెచ్చుకున్న తవ్వుకోల ఎత్తి, ఇనుప మొనతో ముందు అద్దం మీద కొట్టాడు. అద్దం సాలెగూడులా చిట్లింది. రెండో దెబ్బకు పగిలి లోపలి మనిషి ఒళ్లో పడింది. మూడోసారి ఎత్తేలోగా శివ పరుగెత్తుకొచ్చి అన్న చెంప మీద కొట్టాడు. అరచేత్తో, బలంగా. బొజ్జయ్య కింద పడ్డాడు. శివ అతని మీద వంగి, మెడ పట్టుకుని, పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"లేవకు. పండుకో. నా దెబ్బతోని పోనీ."

పోలేదు. జయప్రకాశ్ మనుషులు ఇద్దరు వచ్చి శివను పక్కకు లాగేశారు. ఒకడి చేతిలో డ్రిల్లు రాడ్డు ఉంది. మొదటి దెబ్బ తొడ మీద పడింది, రెండోది వీపు మీద. మూడోదానికి బొజ్జయ్య కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు పచ్చి వెదురు విరిచినట్టుగా అందరికీ వినిపించింది. రాడ్డు పట్టినవాడు కూడా ఒక్క క్షణం ఆగి దాని వంక చూశాడు. ఆగి మళ్లీ కొట్టాడు, ఈసారి డొక్కలో. బొజ్జయ్య నోట్లో మట్టి, బూడిద, ఉప్పటి రక్తం కలిశాయి. కళ్ల ముందు తెగిన గడ్డ ఒకటి ఉంది. దాని జిగురుకు చీమలు అప్పుడే పట్టాయి. దెబ్బలు పడుతున్నంతసేపూ అతను ఆ చీమలనే చూశాడు.

ఉదయశ్రీ అడ్డం వెళితే ఆమె చేతిలోని చట్రాలు లాక్కుని గుట్ట మీది నుంచి విసిరేశారు. పట్టీలు తెగి పేపర్లు గాలికి లేచాయి. నిన్న ఒకటొకటిగా సాపు చేసిన ఆకులు వెదురు కొమ్మల మీద, బండల మీద రాలాయి.

ఇంట్లో కన్నమ్మ నల్లేరు నూరి, వెదురు బద్దలు పెట్టి చెయ్యి కట్టింది. ఎముకను సరిచేసేటప్పుడు బొజ్జయ్య కర్రముక్క కొరికాడు. పంటి గుర్తులు దాని మీద లోతుగా దిగాయి. భద్రాచలం దవాఖానాకు పోదామని ఉదయశ్రీ పట్టుబట్టింది. ఉన్న ఒక్క బండీ క్వారీ జీపే. అది రాదని డ్రైవర్ చెప్పిపోయాడు. ఆమె వెదురు పొదల్లో తిరిగి దొరికిన పేపర్లు ఏరుకొచ్చి, పొయ్యి పక్కన ఒక్కొక్కటే ఆరబెట్టింది. అరవైలో పందొమ్మిది దొరికాయి. ఆకులు చిరిగినా చీటీలు నిలిచాయి. కన్నమ్మ ఆమె పక్కన కూర్చుని, తడి పేపరు ఎలా విప్పాలో చూసి నేర్చుకుని, తనూ విప్పసాగింది.

ఆ రాత్రి శివ ఇంటికి రాలేదు.

మూడో రోజు పొద్దున్నే జయప్రకాశ్ మనుషులు కాగితం తెచ్చారు. అద్దం పగలగొట్టినందుకు కేసు పెట్టకుండా ఉండాలంటే, గుట్ట పైన ఏమీ లేదని ఊరి మనిషిగా చెప్పి వేలిముద్ర వేయాలి. అది పైనే, ఆ స్థలం మీదే, అందరి ముందరా కావాలి. మేడమ్ వీడియో తీసుకుని సంతకం పెట్టి వెళ్లిపోతుంది. ఆమె పెట్టకపోతే ఇంకొకరిని పంపమని ఆమె ఆఫీసుకు అప్పుడే ఫోను చేశారు.

"వస్త," అన్నాడు బొజ్జయ్య.

కన్నమ్మ అతని ముఖం చూసింది. ముఖం వాచి ఉంది, అందులో ఏమీ కనిపించలేదు. నడవడానికి తవ్వుకోల చేతికిచ్చింది. ఎడమచేత్తో దాన్ని ఊతగా పట్టుకుని అతను గుట్ట ఎక్కాడు. మామూలుగా మూడు నాలుగు బీడీలు కాలేంత సేపట్లో ఎక్కే దారికి ఆ పొద్దు సగం పూట పట్టింది. మొదటి బండ దగ్గర ఆగి దాని మీద చెయ్యి ఆనించాడు. ఆనించి, దాటాడు.

పైన కంప్రెషర్ నడుస్తోంది. శివ, దేవ్లా దొన అంచు దాకా డ్రిల్లు తెచ్చారు. అన్న రావడం చూసి శివ తల తిప్పుకున్నాడు. జయప్రకాశ్ సిరా డబ్బా మూత తీసి పెట్టి, ఉదయశ్రీని ఫోను ఆన్ చేయమన్నాడు. చేసింది. మెషీన్ మోతలో జయప్రకాశ్ గొంతు పెంచి అడిగాడు.

"చెప్పరా. ఈ గుట్ట పైన ఏమున్నది?"

బొజ్జయ్య కింద కూర్చున్నాడు. కాళ్లు నిలవక కూలబడ్డాడనుకున్నారు. అతను కూర్చున్న చోటు రెండు బండల సందు, పొక్లెయిన్ పళ్లు దూరని చోటు. పైన బూడిద ఉంది. ఎడమచేత్తో బూడిద తోశాడు, కాలిన మట్టి తోశాడు. తవ్వుకోల మొనతో కొద్దిగా కదిపి, మళ్లీ చేత్తో తోడాడు. చెయ్యి మోచేతి దాకా దిగింది, భుజం దాకా దిగింది. చెంప నేలకు ఆనింది. వేళ్లకు తగిలింది. పోయినేడు కోతలు అయినాక ఇదే చేత్తో పెట్టిన తల. దాని చుట్టూ మన్ను తీసి, సందును వెడల్పు చేసి, ఉదయశ్రీకి కనిపించేలా పక్కకు జరిగాడు. పిడికిలంత తల, దాని మీద గోరంత వంకాయ రంగు మొలక. నిప్పు అక్కడిదాకా పోలేదు.

"ఎలుగుగడ్డ," అన్నాడు బొజ్జయ్య.

మెషీన్ మోతలో అది వినపడలేదేమో అనుకుని మళ్లీ అన్నాడు. ఈసారి గుట్టంతా వినిపించేలా అన్నాడు. ఎలుగుగడ్డ. ఎండబెట్టుకుంటే గింజలేని రెండు నెలలు తింటాం. తల మళ్లీ పెడతాం. మా తాత పెట్టిండు, మా నాయన పెట్టిండు. ఇక్కడ ఏం లేదని మా నాయన అన్నది అబద్ధం కాదు, అది ఆనవాయితీ. ఉన్నది. ఇదిగో.

కంప్రెషర్ ఆగింది.

శివ చెయ్యి తనంతట తనే కవాటం మీదికి పోయినట్టుంది. అతను ఆ చేతి వంకే చూస్తున్నాడు. ఒక్కసారి మోత పోయేసరికి గుట్ట మీద గాలి చప్పుడు వినిపించింది. గుంపు వాళ్లలో పెద్దవాడు చేతిలో సుత్తి కింద పెట్టాడు. పక్కవాడు తట్ట పెట్టాడు. ఎవరూ ఎవరినీ చూడలేదు. దేవ్లా ఒక్కడే అటూ ఇటూ చూసి, మా తండాలో గిట్లాంటివి లేవని గొణిగాడు. గొణిగి, ఇద్దరు పట్టే మెషీన్ ఒక్కడినే ఎట్ల పట్టాలె అంటూ చేతిగుడ్డలు విప్పేశాడు.

బొజ్జయ్య ఆఖరిసారిగా గడ్డ తల మీద మన్ను తిరిగి కప్పాడు, నొక్కాడు. లేచి, సిరా డబ్బాలో ఎడమ బొటనవేలు ముంచి, ఉదయశ్రీ పట్టుకున్న ఫారం మీద వేశాడు. ఆమె ఆ ముద్ర పక్క వరుసలో రాసింది: ఎలుగుగడ్డ. ఆకు: చూడలేదు. పువ్వు: చూడలేదు. వానల్లో, పూసే కాలంలో మళ్లీ రావాలి.

జయప్రకాశ్‌కు ఏం జరుగుతోందో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక రాడ్డు తీసుకుని బొజ్జయ్య మీదికి వచ్చాడు. మధ్యలో శివ నిలబడ్డాడు. చెయ్యి ఎత్తలేదు, వీపు తిప్పి నిలబడ్డాడంతే. రాడ్డు అతని భుజం మీద పడింది, మళ్లీ నడుము మీద పడింది. శివ ముందుకు తూలి, అన్న నడుం చుట్టూ చెయ్యి వేసి, దారి వైపు నడిపించాడు. అందరూ వరుసగా కదిలారు. దిగేటప్పుడు వెనక్కి చూడకూడదు.

వెనక నుంచి బూతులు వచ్చాయి. తర్వాత రాళ్లు వచ్చాయి. కంకర రాళ్లు, అంచులు కోసుకునేవి. ఒకటి దేవ్లా తల వెనక తగిలి, మెడ మీదుగా రక్తం చొక్కాలోకి దిగింది. ఒకటి ఉదయశ్రీ మోకాలి వెనక తగిలింది. ఆమె తల తిప్పబోతే ముందున్న ముసలాయన ఆమె చెయ్యి పట్టుకుని ముందుకు లాగాడు. శివ పిడికిళ్లు బిగిసి ఉన్నాయి. ముప్పై ఏళ్ల మనిషి, దెబ్బకు దెబ్బ తీయకుండా ఎప్పుడూ ఇంటికి రానివాడు. మెడ నరాలు పైకి లేచాయి. అయినా మెడ తిరగలేదు. రాళ్లు మొదటి బండ దాకా వస్తూనే ఉన్నాయి. బండ దాటాక ఆగిపోయాయి.

కింద చినుకులు మొదలయ్యాయి.

కన్నమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వరుసగా దిగుతున్న వాళ్లను చూసి పెద్ద కుండ పొయ్యి మీదికి ఎక్కించింది. నిన్న గుంపు ఆడవాళ్లు పైకిపోయి తెగిపడ్డ గడ్డలను తట్టల్లో ఏరుకొచ్చారు. తీగె లేచే కాలంలో గడ్డ డొల్లగా ఉంటుంది, చేదు పోదు. కొత్త పంట ముట్టుకునే ముందటి కొత్తల పండగ చేయకుండా తినేది కాదు. కానీ తవ్వినదాన్ని పారేయడం కూడా లేదు. మూడు నీళ్లు పారబోసి, నాలుగో నీళ్లలో ఉప్పు వేసి ఉడికించింది.

బొజ్జయ్య తవ్వుకోల మొనను వాన నీళ్లతో కడిగి, ఒంటిచేత్తో ఇప్పనూనె రాశాడు. చూరులో చిన్నాయనదాని పక్కన పెట్టబోతే అందలేదు. శివ అందుకుని పెట్టాడు.

వసారాలో బారుగా కూర్చున్నారు. గుంపు వాళ్లు ఆరుగురు, దేవ్లా, అతని తండా వాళ్లు ఇద్దరు, ఉదయశ్రీ. దేవ్లా తలకు కన్నమ్మ పాత చీర చింపి కట్టింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక శివ నిలబడి ఉంటే, కన్నమ్మ అన్న పక్కనున్న ఖాళీ చోటులో ఆకు పరిచి పోయింది. అతను కూర్చున్నాడు. ఒక్క కుండలోంచి అందరికీ వడ్డించింది, చివరికి తనూ కూర్చుంది.

బొజ్జయ్య కుడిచెయ్యి బద్దల మధ్య ఉంది. ఎడమచేత్తో గడ్డముక్క తుంచబోతే ఆకు జరిగిపోయింది. శివ తన ఎడమచెయ్యి చాపి అన్న ఆకు అంచును నేలకు అదిమి పట్టుకున్నాడు. అట్లాగే పట్టుకుని కుడిచేత్తో తనది తిన్నాడు. గడ్డ చేదుగా ఉంది. ఎవరూ ఆకులో వదల్లేదు. చూరు మీద వాన పెద్దదైంది. తినడం అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు.